యోహాన్ కాళ్ళ కింద నీళ్ళు

పొద్దున్నే యారాడ కొండ దిగే బస్సెక్కి, సింధియా దగ్గర దిగి, అక్కణ్ణుంచి షేరాటోలో గాజువాక వెళ్తాడు యోహాన్. ఆటోలో ఎంత ఖాళీ ఉన్నా చివర్నే కూర్చుంటాడు, కాళ్ళు బయటికి పెట్టుకొని. పక్కన ఏ ఆడపిల్లో కూర్చొని "కొంచెం జరగండి" అన్నాదంటే చాలు, యోహాన్‌కి సిగ్గొచ్చీస్తాది. సిగ్గొస్తే కాళ్ళ కింద నీళ్ళొస్తాయి. సముద్రం నీళ్ళు. ఆటోలో కింద పెట్టిన వాళ్ళ సంచులు తడిసిపోతాయి కదా, అందుకని చివర్న.

వాళ్ళింట్లో అందరికీ అంతే. వాళ్ళ నాన్న పెళ్ళిలో, పాస్టర్ గారు "ఈమెని భార్యగా స్వీకరిస్తున్నావా" అనడిగితే, ముందు వరస బెంచీల కింద చెప్పులన్నీ తేలిపోయి గుమ్మం దాకా వెళ్ళాయంట. ఎవరి చెప్పులు వాళ్ళు ఏరుకొని భోజనాలకి లేచారు. యారాడలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. తుడుసుకోడానికి ఒక గోనె ముక్క ఇస్తారు, అంతే.

ఊళ్ళో పరవాలేదు గానీ, గాజువాకలో మెషిన్లు బాగుచేసే పనిలో చేరాక ఇబ్బందొచ్చింది. జనం ఇళ్ళల్లో నున్నటి టైల్సు. యోహాన్‌కేమో దేనికైనా సిగ్గే. పేరడిగితే సిగ్గు, టీ ఇస్తే సిగ్గు, "బాబూ, ఇలా రా" అంటే సిగ్గు. షాపు యజమాని శ్రీరామ్మూర్తి రెండ్రోజులు చూసి, మూడో రోజు ఒక జత రబ్బరు బూట్లు కొని తెచ్చాడు.

"బావా, నీ సిగ్గు నీ బూట్లలోనే ఉంచుకో. కస్టమరింట్లో పొయ్యకు" అన్నాడు.

అప్పట్నుంచీ బాగానే గడిచింది. పని అయిపోయాక బయటికొచ్చి, కాలవ దగ్గర బూట్లు వంచి నీళ్ళు పారబోసి, ఇంకో ఇంటికి వెళ్ళీవాడు. ఎవరైనా చెప్పులు విప్పమంటే "కరెంటు పనండి, రబ్బరు ఉండాల" అనీవాడు. అబద్ధం కాదు కదా.

వాషింగ్ మెషిన్లు యోహాన్‌కి బాగా వచ్చు. గిన్నెలు కడిగే మెషిన్లు మాత్రం కొత్త. షాపులో పాడైపోయినవి రెండుంటే, వాటినే ఇప్పి బిగించి, ఇప్పి బిగించి నేర్చుకున్నాడు. ఆ మాత్రానికే మూర్తి, "బావా, కూర్మన్నపాలెంలో నర్సమ్మ గారి ఫ్లాటు. గిన్నెల మెషిన్. మోటారంట, బేగి వెళ్ళు" అని పంపీసాడు.

తలుపు తీసింది వరహాలమ్మ. ఆ ఇంట్లో పనిచేస్తాది. ఆనందపురం అవతల పల్లె నుంచి మొగుడు పోయాక ఇటొచ్చీసిన మనిషి. నోరు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది.

"నువ్వేనా మెకానిక్కు బాబువి? రా, నా తోటికోడలికి ఒంట్లో బాగోలేదు, సూడు."

"ఎవరికండి?"

"అదే, ఆ మెషినికి. ఒకే ఇంట్లో ఇద్దరం అంట్లు తోముతన్నాం. తోటికోడళ్ళం కామేటి? నిన్నట్నుంచి మూలుగుతాది గానీ లెగదు. నాకంటే బద్దకస్తురాలు."

యోహాన్ నవ్వు ఆపుకుంటూ గుమ్మంలో కాలెట్టబోతే, లోపల్నుంచి దీనా మేడమ్ చూసీసింది. పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆవిడ కంటికి మురికి కనబడకుండా ఉండదు.

"బూట్లతో కిచెన్‌లోకా? బయట విడిచి రా."

"కరెంటు పనండి, రబ్బరు..."

"రబ్బరు మ్యాట్ వేస్తాను. బూట్లు బయట."

ఆవిడ చెప్పిన తీరుకి రోగులే లేచి కూర్చుంటారు, యోహాన్ ఎంత. బూట్లు విప్పి, ఉత్త కాళ్ళతో లోపలికెళ్ళాడు. సిగ్గు రాకూడదు, సిగ్గు రాకూడదు అనుకుంటూ మెషిన్ ముందుకి లాగి, కింద రేకు ఊడదీసాడు.

స్విచ్చేస్తే మోటారు ఊఁ అని మూలుగుతోంది, తిరగడం లేదు. మీటరు పెట్టి చూసాడు. వైండింగు బాగానే ఉంది. అంటే మోటారు చావలేదు, దాని రెక్కని ఏదో పట్టుకుంది. ప్లగ్గు తీసీసి, లోపల జల్లెడ తీసి, వేలు పెట్టి కెలికాడు. చేతికి చింతపిక్క తగిలింది. లాగీసాడు. రెక్క గిర్రుమంది.

చేపల పులుసు గిన్నెలో చింతపిక్క.

"వరహాలమ్మా, గిన్నెలు విదిలించి పెట్టమని ఎన్నిసార్లు చెప్పాను నీకు?" అంది దీనా మేడమ్.

"నాను సేతుల్తో తోమినన్నాళ్ళూ సింతపిక్కలు ఏరలేదమ్మా. ఇదేటో సుకుమారం పిల్ల" అని వరహాలమ్మ నవ్వీసింది. మేడమ్ కూడా కొంచెం నవ్వింది. పని అయిపోయినట్టే. యోహాన్ గొంతుక్కూర్చొని, ఒక కాలు మెషిన్ కిందున్న ట్రే అంచు మీద మోపి, మరలు బిగిస్తన్నాడు.

అప్పుడు మేడమ్ ఉత్తినే, మంచిగానే అడిగింది. "బాగా చేశావయ్యా. ఐటీఐ ఎక్కడ చేశావు?"

యోహాన్ ఎనిమిదో తరగతితో ఆపీసాడు. నాన్నతో పాటు వేటకెళ్ళడానికి ఆపాడు, ఆ పనీ రాలేదు. ఆ ముక్క చెప్పొచ్చు. చెప్తే ఆవిడేమీ అనదు. కానీ నోరు దానంతటదే తిరిగింది.

"గాజువాకలోనేనండి."

చెప్పీసరికి అరికాళ్ళు చల్లబడ్డాయి. గబగబా రేకు మూసి, నేల మీద తడి గుడ్డతో తుడిచీసి, ఇచ్చిన టీ కూడా తాగకుండా బయటపడ్డాడు. నేల మీద తడి అయితే తుడిచాడు. ట్రే అంచు మీద మోపిన కాలి సంగతి గుర్తు రాలేదు.

మర్నాడే మళ్ళీ ఫోనొచ్చింది. ఇప్పుడు మెషిన్ మూలగడం లేదంట. ఆగడం లేదంట. గిన్నెలు కడగదు, నీళ్ళు బయటికి తోసే మోటారు ఒక్కటే గుర్రు గుర్రుమని తిరుగుతానే ఉందంట.

"ఏటి బావా, ఒకటి బాగుసేసి ఇంకోటి పాడుసేసావా?" అన్నాడు మూర్తి.

యోహాన్ వెళ్ళాడు. బూట్లు విప్పాడు. దీనా మేడమ్ డ్యూటీకి తయారైపోయి, చేతి గడియారం చూసుకుంటూ నిలబడింది. వరహాలమ్మ మూల నుంచి, "నిన్న నువ్వు నవ్వలేదని నా తోటికోడలు అలిగింది బాబూ. ఇంక ఏడుపే ఏడుపు" అంది.

కింద రేకు తీసాడు. తీసీసరికే తెలిసిపోయింది. ఆ ట్రేలో ఒక తెల్ల బెండు ఉంటాది, వలకి కట్టే బెండు లాంటిదే, చిన్నది. మెషిన్ ఎక్కడైనా కారి ట్రేలో నీళ్ళు చేరితే బెండు పైకి తేలుతాది. అది తేలిందంటే మెషిన్ పని ఆపీసి, నీళ్ళు తోసే మోటారొక్కటే తిప్పుతాది, ఇల్లు మునిగిపోకుండా. బెండు తేలి ఉంది. ట్రేలో నీళ్ళున్నాయి.

గొట్టాలన్నీ తడిమాడు. పొడిగా ఉన్నాయి. తలుపు రబ్బరు చూసాడు. బాగుంది. ఎక్కడా కారడం లేదు. వేలు ట్రేలో ముంచి నాలిక్కి రాసుకున్నాడు.

ఉప్పు.

"మోటారు పోయిందా?" వెనక నుంచి మేడమ్.

"మోటారు బాగానే ఉందండి. కింద నీళ్ళు చేరాయి."

"ఎక్కణ్ణుంచి?"

యోహాన్ సంచిలోంచి స్పాంజి తీసాడు. నావేనండి, అని ఒక్క ముక్క చాలు. అది చెప్తే ఎందుకొచ్చాయో చెప్పాలి. ఎందుకొచ్చాయో చెప్తే ఐటీఐ సంగతి చెప్పాలి. మూలనున్న బకెట్టూ, నేల తుడిచే కర్రా కనబడ్డాయి. వాటివైపు చూసాడు. చూడ్డమే ముందు. మాట తర్వాత వచ్చింది.

"నేల కడిగినప్పుడు... పోయుండొచ్చండి."

మేడమ్ వరహాలమ్మ వైపు తిరిగింది.

"నాను పొయ్యలేదమ్మా" అంది వరహాలమ్మ. "తడిగుడ్డెట్టి తుడిసినాను. బకెట్టు ఇటేపే తేలేదు."

"మెషిన్ దగ్గర నీళ్ళు పొయ్యొద్దని చెప్పానా లేదా?"

"సెప్పినావు. నాను పొయ్యలేదు."

"మరి ఆ అబ్బాయి అబద్ధం చెప్తున్నాడా?"

వరహాలమ్మ యోహాన్ వైపు చూసింది. యోహాన్ ట్రే వైపు చూస్తన్నాడు. స్పాంజితో నీళ్ళు పీల్చి పిండుతున్నాడు, పీల్చి పిండుతున్నాడు, అక్కడ నీళ్ళు అయిపోయాక కూడా.

"చింతపిక్క సంగతి నవ్వి ఊరుకున్నాను. దీనికీ ఏమీ అనేదాన్ని కాదు. పోశాను అంటే అయిపోయేది. ఇంట్లో అబద్ధం ఆడే మనిషిని పెట్టుకోలేను" అంది మేడమ్. "ఇంక రావద్దు."

వరహాలమ్మ చెంగు దులుపుకుంది. గట్టు మీదున్న తన స్టీలు గ్లాసు తీసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, మనుషులతో కాదు, మెషిన్‌తో అంది.

"నువ్వే నెగ్గినావు లే తోటికోడలా. ఇల్లు నీదే."

యోహాన్ బయటికొచ్చి, అలవాటు కొద్దీ కాలవ దగ్గర బూట్లు వంచాడు. చుక్క రాలేదు. అరికాళ్ళు చూసుకున్నాడు. ఎండిపోయి ఉన్నాయి. ఇంత పని చేసి, ఇంత సిగ్గుతో చచ్చిపోతా ఉంటే, కాళ్ళు పొడిగా ఉన్నాయి.

ఇంటికెళ్ళీసరికి వాళ్ళ నానమ్మ ఆరోగ్యమ్మ అరుగు మీద కూర్చొని నెత్తళ్ళ చేపలు ఏరుతోంది. మనవడి మొహం చూడలేదు, కాళ్ళు చూసింది. మడమలు బీటలిచ్చి, తెల్లగా ఉప్పు పూసున్నాయి.

"నీళ్ళేవిరా?"

"ఏమో నానమ్మా. రావట్లేదు."

"రాకపోడం ఉండదు. ఎక్కడో ఇడిసొచ్చావు. ఏటి సేసినావు?"

చెప్పాడు. ఆవిడ నెత్తళ్ళు ఏరడం ఆపలేదు.

"సిన్న సిగ్గు కాళ్ళకాడే ఉంటాది. పెద్ద సిగ్గు నడిసెల్లిపోద్ది. ఎవులికి అన్నేయం సేసినామో ఆలింటికి ఎల్తాది" అంది. "మీ తాత ఒకపాలి, ఫలానా వోడు నా వల కోసీసినాడని పెద్దలకి సెప్పినాడు. వల రాయికి సిరిగింది. తప్పుసోట ఏసినాడు, ఒప్పుకోలేపోయాడు. ఆ మనిషిని వేటకి రానియ్యలేదు. తెల్లారీసరికి ఆ మనిషి నుయ్యి ఉప్పు కసం. పిల్లల్ని ఎట్టుకొని ఊరొదిలీసాడు. మీ తాత ఎల్లి సెప్పలేదు. ఆయన కాళ్ళు సచ్చినదాకా పొడే. సవాన్ని పెట్టెలో పెట్టినప్పుడు ఇసకే రాలింది."

"నానేటి సెయ్యాల?"

"తెలిసే అడుగుతన్నావు. బేగెల్లి సెప్పీ."

యోహాన్ వెళ్ళలేదు. రేపు వెళ్దాం అనుకున్నాడు. రేపు వచ్చాక ఎల్లుండి అనుకున్నాడు. కూర్మన్నపాలెం వైపు వెళ్ళే ఆటో ఎక్కడం మానీసాడు.

అక్కడ షాపులో ఇంకో చిత్రం జరిగింది. మూర్తి ఒకరోజు బూట్లు చూసి, "ఇయ్యేటి బావా, లోపల సాలీడు గూడు కట్టీసింది?" అన్నాడు. యోహాన్ కాళ్ళు చూసి సంబరపడిపోయాడు. "సిగ్గు పోయిందిరా నీకు! బాగయ్యావు! ఇంక పెద్దపెద్ద ఇళ్ళకి నువ్వే."

నిజంగానే బీచ్ రోడ్డు మీద ఎత్తు ఫ్లాట్లకీ, ఎమ్వీపీ కాలనీకీ పంపడం మొదలెట్టాడు. యోహాన్ ఎక్కడ చెప్పులు విప్పమంటే అక్కడ విప్పీవాడు. చల్లటి టైల్స్ మీద ఉత్త కాళ్ళతో నడిచీవాడు. తడి లేదు. మాట కూడా తడబడడం మానీసింది. "ఏం లేదు మేడమ్, గ్యాస్కెట్ మార్చాల" అని గడగడా చెప్పీవాడు. జనం మెచ్చుకున్నారు. మెచ్చుకున్నప్పుడు ఇదివరకైతే మడమలు మునిగీవి. ఇప్పుడు అరికాళ్ళ కింద కరకరమని ఉప్పు విరిగీది, అంతే. ఆ చప్పుడు ఇంకెవరికీ వినబడీది కాదు.

ఒకరోజు ఎమ్వీపీ కాలనీలో ఒకింట్లో మిక్సీ చూడ్డానికెళ్ళాడు. కాలిపోయిన వాసన. ఇంటావిడ నడుం మీద చేతులేసుకొని నిలబడింది. పనిచేసే పిల్ల ఒకత్తి ఫ్రిజ్జు పక్కన గోడకి అతుక్కొని నిలబడింది.

"ఇది ఎవరి నిర్వాకం? దీందేనా?" అని ఇంటావిడ యోహాన్‌ని అడిగింది.

యోహాన్ ఇంకా మిక్సీ మూత కూడా తియ్యలేదు. లోపలేముందో తెలీదు. అయినా నోట్లో మాట తయారుగా ఉంది. అయుండొచ్చండి. నాలిక చివరికొచ్చీసింది, తేలిగ్గా, బెండులాగ. మొదటిసారి ఆ మాట గొంతు చీల్చుకొని వచ్చింది. రెండోసారి ఎంత సుళువుగా వచ్చీసిందో చూసుకొని యోహాన్ గభాల్న నోరు మూసుకున్నాడు.

"చూడకుండా చెప్పలేనండి" అన్నాడు. చూసాడు. కార్బన్లు అరిగిపోయాయి, పాతబడి. "ఎవరి తప్పూ కాదండి" అని చెప్పి, మార్చీసి, తిన్నగా కూర్మన్నపాలెం వెళ్ళే ఆటో ఎక్కాడు. లోపలికి, మధ్యలో కూర్చున్నాడు.

దీనా మేడమ్ తలుపు తీసింది. చేతులకి సబ్బు నురగ ఉంది.

"నేను పిలవలేదే?"

"అవునండి. ఆ నీళ్ళు నావండి."

"నీవంటే?"

"నాకు సిగ్గొస్తే కాళ్ళ కింద వస్తాయండి. నాను ఐటీఐ చదవలేదండి. ఎనిమిదే. ఆ రోజు మీరడిగితే చదివానని చెప్పీసాను. అప్పుడు కాలు ట్రే మీదుంది. వరహాలమ్మ గారు పొయ్యలేదండి. నాకు మర్నాడే తెలుసు. ఉప్పగా ఉంటే తెలిసిందండి. తెలిసే చెప్పాను."

ఇంత పొడుగు మాట యోహాన్ పుట్టి బుద్ధెరిగి ఎవరితోనూ మాట్లాడలేదు.

మేడమ్ అతని కాళ్ళ వైపు చూసింది. "యారాడ వాళ్ళా మీరు?"

"అవునండి."

"మా వార్డులో ఉండేవాడు ఒకాయన, మీ వైపే. మంచం కింద బేసిన్ పెట్టేవాళ్ళం. నువ్వూ ముందే చెప్తే పెట్టేదాన్ని కదయ్యా." చేతులు చీరకి తుడుచుకుంది. నురగ పోయాక కూడా తుడుచుకుంటానే ఉంది. "ఆవిడ ఏడవలేదు చూడు ఆ రోజు. తప్పు చెయ్యని మనిషైతే ఏడుస్తుంది కదా అనుకున్నాను నేను. అందుకే పంపేశాను."

మేడమ్ ఒక అడుగు బయటికి వేసి ఆగింది.

"పని ఇక్కడే ఉందని చెప్పు. రమ్మను. నేనే వెళ్ళాలి గానీ, నాకు మొహం చెల్లట్లేదు." తలుపు వేసుకోబోయి మళ్ళీ తీసింది. "మీ యజమానికి నేను చెప్పను. నువ్వే చెప్పుకో."

మూర్తికి చెప్పుకున్నాడు. మూర్తి నెత్తి గోక్కొని, "కస్టమరింట్లో పోసింది చాలక ఆడమనిషి మీదకి తోసీసావేటి బావా" అని, పెద్దిళ్ళకి పంపడం మానీసి షాపులో మోటార్లు చుట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అదే మంచిదనిపించింది యోహాన్‌కి. అరికాళ్ళు ఇంకా పొడిగానే ఉన్నాయి గానీ, బీటలు కొంచెం పూడాయి.

దీనా మేడమ్ వాళ్ళ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని వరహాలమ్మ అడ్రసు అడిగి, ఆదివారం ఆరాధన అయ్యాక పెదగంట్యాడ వెళ్ళాడు. వరసగా ఒంటి గదుల లైను ఇళ్ళు. వరహాలమ్మ గది ఎక్కడని ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. సందు మొదట్లోనే ఎండు చేపల వాసన కొట్టింది. తాళ్ళ మీద కవళ్ళు, కానగంతలు వరసగా వేలాడుతున్నాయి. చాప మీద నెత్తళ్ళు వెండిలాగ మెరుస్తన్నాయి. ఆ సందులో ఎప్పుడూ రాలే బొగ్గు దుమ్ము వాటి మీద పడకుండా, పక్కింటి ముసలమ్మ విసనకర్రతో విసురుతోంది.

గది గుమ్మానికి ఇటికలు పేర్చి అడ్డు కట్టుంది. లోపల పిక్కల దాకా నీళ్ళు. మంచం నాలుగు కోళ్ళ కింద రాళ్ళెట్టి ఎత్తారు. వరహాలమ్మ చీర ఎగ్గట్టి, ఆ నీళ్ళలో నిలబడి, చీల్చిన కవళ్ళు ప్లాస్టిక్ డ్రమ్ములో ముంచుతోంది.

"వొచ్చినావా" అంది, తలెత్తకుండా.

యోహాన్ ఆ నీళ్ళు చూసాడు. తనవే. తన నీళ్ళు తనకి తెలియవా.

"తెలుసండి మీకు?"

"మొదటి తెల్లారే తెలిసింది. నిద్రలేసి కాలు కింద పెడితే తడి. నోట్లో ఏసుకుంటే ఉప్పు. ఎవులో యారాడోలు నాకేదో సేసి సిగ్గుపడతన్నారు అనుకున్నాను. గుమ్మంలో ఇడిసిన నీ బూట్లలో తడి గుర్తొచ్చింది, నాకు తెలిసిన యారాడోడు నువ్వొక్కడివే కదా." డ్రమ్ము మీద మూత పెట్టింది. "బియ్యం మూట కిందుండిపోయింది. పప్పు, పక్కబట్టలు, అంతా ముద్ద. పనీ పోయింది, కూడూ పోయింది. సెంబెట్టి తోడి పోత్తా, నీ తల్లినీ నీ నానమ్మనీ తిడతా, తోడి పోత్తా. ఎంత తోడినా ఊరతానే ఉంది."

"నాను మేడమ్ గారికి సెప్పీసానండి. పని మీకే ఉందంట. రమ్మన్నారు. ఆవిడే వచ్చీవారు గానీ మొహం..."

"సెప్పీసావా?" వరహాలమ్మ ఇప్పుడు తలెత్తింది. "ఎప్పుడు?"

"మొన్నండి."

"అదేటి సంగతని సూత్తన్నాను! మొన్నట్నుంచి మోకాళ్ళ కాడుండీ నీళ్ళు పిక్కల్లోకి దిగిపోయాయి. ఎవులు సెప్పమన్నారయ్యా నిన్ను!"

యోహాన్‌కి అర్థం కాలేదు.

"నాలుగు రోజులు తోడి తోడి, అయిదో రోజు కోడిగుడ్డు ఒకటి జారి నీళ్ళలో పడ్డాది. మునగలేదు. తేలింది. గుడ్డు తేలిన ఉప్పునీళ్ళంటే ఏటో తెలుసు కదా నీకు, సేపలోల్ల పిల్లడివి. సేప ముంచి ఎండెడితే ఆర్నెల్లున్నా పురుగట్టదు. సముద్రం నీళ్ళు కూడా అంత సిక్కగా ఉండవు. ఎంత సిగ్గుపడ్డావో గానీ, బలే సిక్కగా పడ్డావు." చేత్తో తాళ్ళవైపు చూపించింది. "గంట్యాడ సంతలో నా కవళ్ళు పెట్టీసరికే అయిపోతన్నాయి. స్టీల్ ప్లాంట్ క్వార్టర్లోలు ఇంటికొచ్చి కొంటన్నారు. ఒకరి అంట్లు ముట్టుకొని ఎన్నాళ్ళయిందో. ఇప్పుడేటి, నన్ను మళ్ళీ ఎల్లి నా తోటికోడలి పక్కన నిలబడమంటావా?"

"అది కాదండి." యోహాన్ ఇటికల అడ్డు దాటి నీళ్ళలోకి దిగాడు. ఎన్నాళ్ళకో అరికాళ్ళకి తడి తగిలింది. చల్లగా, ఇంట్లోకి వచ్చినట్టుగా ఉంది. వంగి ఆవిడ కాళ్ళు పట్టుకోబోయాడు. "నన్ను సెమించ..."

"ఆగాగు ఆగు!" వరహాలమ్మ చెయ్యి పట్టుకొని లేవదీసింది, చేతికంటిన చేప పొలుసులతోనే. "ఆ మాట అనకు. నాను సరే అన్నాననుకో, ఉన్న ఈ పిక్కల్లోతు నీళ్ళూ ఇంకిపోతాయి. నీ బరువు నువ్వు దింపుకొని ఎల్లిపోతావు. నా బతుకేటి?"

"మరి..."

"ఇను. నీళ్ళ కోసమే అనుకోకు. అబద్ధం ఆడొద్దు కదా మనం." ఆవిడ గొంతు తగ్గింది. "ఆ రోజు నువ్వు ఆ మాటన్నందుకు కాదు. అన్నాక ఒకసారి నా మొహం వంక సూత్తావేమోనని నిలబడ్డాను. సూళ్ళేదు. స్పాంజి పిండుకుంటా కూకున్నావు. అది నాకు ఇంకా ఇక్కడే, గుండెల్లో ఉంది. నిజంగా కూడా నిన్ను సెమించాలని లేదు బాబూ నాకు. రెండూ కలిసొచ్చాయి."

యోహాన్ అప్పుడు ఆవిడ మొహం చూసాడు. చూడాల్సిన రోజు చూడలేదు, ఇప్పుడు చూసాడు. పెద్ద కళ్ళు. కింద నల్లగా అలుపు. నవ్వడం లేదు, ఏడవడం లేదు.

"మరి నానేటి సెయ్యాలండి?"

"నువ్వా?" వరహాలమ్మ డ్రమ్ము మూత తీసింది. "నువ్వు సిగ్గుపడు."

నీళ్ళు మెల్లగా మోకాళ్ళ దాకా వచ్చాయి.

ఇప్పుడు యోహాన్ ఆదివారం ఆదివారం ఆరాధన అవగానే, రేవు దగ్గర వేటోళ్ళు వాటా పంచుకునే చోట కవళ్ళు కొని, తట్టలో పెట్టుకొని గంట్యాడ వస్తాడు. వరహాలమ్మతో పాటు కూర్చొని చీలుస్తాడు, తాళ్ళకి కడతాడు. ఆవిడ కబుర్లు చెప్తాది, తిడతాది, మధ్యాన్నం అన్నం పెడతాది. దీనా మేడమ్ కూడా ఒకసారి వచ్చింది, గుమ్మం అవతలే నిలబడి మాట్లాడింది, నెత్తళ్ళు తీసుకెళ్ళింది. ఆరోగ్యమ్మ మాత్రం ఆ సంగతి విని, "మంచిదే, పెట్టెలో ఇసక రాలదు" అంది.

మొన్నామధ్య ఎవరో కొత్తావిడ కవళ్ళు బేరమాడతా, గుమ్మం లోపల తల వంచుకొని చేపలు చీల్చుతున్న యోహాన్‌ని చూసి అడిగింది.

"నీ కొడుకా అమ్మా?"

"కాదు" అంది వరహాలమ్మ, చుట్టాన్ని చూపించినట్టు మురిసిపోతా. "నాకు అన్నేయం సేసిన కుర్రోడు. యారాడ."

"ఓహో" అని ఆవిడ యోహాన్ వంక ఒకసారి మంచిగా చూసి, నీళ్ళు ఇటికల అడ్డు దాటి పాదాలకి తగలగానే చెప్పులు తీసి చేత్తో పట్టుకొని, "ఇంకో అరకేజీ వెయ్యి" అంది.